నలుగురే పాడేటప్పుడు ఏ లాటిన్ మోటెట్? పునరుజ్జీవన కాలపు ఆరు రచనల పోలిక

వాద్యాల తోడు లేకుండా ఇద్దరి నుంచి ఐదుగురి వరకు కలిసి పాడే చిన్న బృందానికి 15, 16 శతాబ్దాల లాటిన్ మోటెట్లు అపారమైన నిధి. మోటెట్ అంటే, ఆ కాలపు వాడుకలో, బలిపూజలోని స్థిరమైన భాగాలు కాకుండా కీర్తన, ప్రార్థన, స్తోత్రం వంటి పవిత్ర పాఠాన్ని అనేక గొంతుల కోసం కూర్చిన రచన. వీటిలో చాలావాటి స్వరలిపి ఉచితంగా దొరుకుతుంది, కాబట్టి ఖర్చు అడ్డు కాదు. అసలు కష్టం ఎంపికలోనే ఉంది. పేరున్న రచనను తెచ్చుకుని, నాలుగు వారాల సాధన తరువాత అది తమ గొంతులకు సరిపడదని గ్రహించి వదిలేసిన బృందాలు తక్కువేమీ కాదు.

ఈ విషయంలో నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. అందరూ ఒకే మాటను ఒకేసారి నెమ్మదిగా పలికే రచన సులభమనీ, ఒకరి వెనుక ఒకరు ప్రవేశించి వేర్వేరు దారుల్లో నడిచే రచన కష్టమనీ కొత్త బృందాలు అనుకుంటాయి. ముప్పై మంది ఉన్న క్వయర్ విషయంలో ఇది నిజమే. ఒక్కో వరుసకు ఒక్కరే ఉన్నప్పుడు మాత్రం పరిస్థితి చాలావరకు తలకిందులవుతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు కొలమానాలను చూడాలి.

## ముందుగా చూడవలసినవి

మొదటిది గొంతుల సంఖ్య కాదు, గొంతుల రకం. స్వరలిపి మీద పైనుంచి కిందికి సోప్రానో, ఆల్టో (స్త్రీల పై, కింది గొంతులు), టెనర్, బాస్ (పురుషుల పై, కింది గొంతులు) అని రాసి ఉన్నంత మాత్రాన ఆ రచన నేటి ఇద్దరు స్త్రీలకు, ఇద్దరు పురుషులకు అమరుతుందని అర్థం కాదు. ఆనాటి చర్చి గానబృందాల్లో సాధారణంగా స్త్రీలు పాడేవారు కారు. పై వరుసను బాలురో, కృత్రిమ పైస్థాయిలో పాడగల పురుషులో పాడేవారు. నేడు ఆల్టో అని పిలిచే వరుస నిజానికి ఎత్తుగా పాడగల పురుషుడి గొంతును దృష్టిలో పెట్టుకుని రాసినది. అందుకే అది స్త్రీలకు తరచుగా మరీ కిందికి దిగుతుంది, సాధారణ టెనర్‌కు మరీ పైకి పోతుంది. చిన్న బృందంలో అందరికన్నా ముందు పరీక్షించవలసిన వరుస ఇదే.

రెండవది శ్వాస. పెద్ద క్వయర్‌లో ఒకరు ఊపిరి తీసుకుంటున్నప్పుడు పక్కవారు స్వరాన్ని నిలుపుతారు. ఒక్కరే ఉన్న వరుసలో ఆ సాయం ఉండదు. నెమ్మదిగా సాగే నిలువు స్వరసంపుటాలలో, అంటే అన్ని గొంతులూ ఒకేసారి పలికే స్వరాల కలయికలలో, నలుగురూ ఒకే చోట ఊపిరి తీస్తే వాక్యం విరుగుతుంది, వేర్వేరు చోట్ల తీస్తే సంపుటంలో ఒక స్వరం మాయమవుతుంది. ఒకరి వెనుక ఒకరు వచ్చే రచనలో మాత్రం విరామాలను స్వరకర్తే రాసి పెట్టాడు. ఒక గొంతు ఆగిన చోట మరొకటి మొదలవుతుంది కనుక ఆ విరామం వినేవారికి లోపంగా తోచదు.

మూడవది శ్రుతి. వాద్యం లేని చోట నిలిచి ఉన్న స్వరసంపుటం శుద్ధంగా మోగాలంటే, మేజర్ సంపుటంలోని మధ్య స్వరం, అంటే మన అంతర గాంధారం, పియానో ఇచ్చే దానికన్నా సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) తక్కువగా ఉండాలి. కర్ణాటక సంగీతం నేర్చిన వారికి ఇది కొత్త పాఠం కాదు. తంబురా మంద్ర షడ్జం తీగలో తనంత తానుగా వినిపించే గాంధారం సరిగ్గా ఇదే. అయితే తంబురా ఆధారం మారదు, ఇక్కడ ఆధారస్వరం సంపుటం సంపుటానికీ మారుతూ ఉంటుంది. కాబట్టి ఆ చెవి గొప్ప ఆస్తే గానీ, మారుతున్న ఆధారాన్ని వెంటాడే అలవాటు అదనంగా చేసుకోవాలి. గమకాన్ని పక్కన పెట్టి స్వరాన్ని నిటారుగా నిలపడం కూడా అలాంటి అదనపు సాధనే.

నాలుగవది పాఠం, సందర్భం. ఆరాధనలో పాడేవారికి ఇదే మొదటి కొలమానం కావచ్చు. క్రిస్మస్ పాఠాన్ని తపస్సు కాలంలో పాడలేం, తపస్సు కాలంలో అల్లెలూయా అసలు పలకరు. కచేరీలో పాడేవారికి ఈ నిబంధన వర్తించదు.

కీలను, అంటే రచన ఏ ఆధారస్వరం మీద రాసి ఉందన్నదానిని, మాత్రం కొలమానంగా తీసుకోనక్కరలేదు. ఆ కాలంలో నేటిలాంటి స్థిరమైన ప్రమాణ శ్రుతి లేదు. పాడేవారు తమకు అనువైన ఎత్తులో మొదలుపెట్టేవారు. అందువల్ల రచన మొత్తాన్ని ఒకటి రెండు స్వరాలు పైకో కిందికో జరపడం స్వరకర్తకు అపచారం కాదు.

## ఒక్క చూపులో

| రచన | స్వరకర్త | గొంతులు | సుమారు నిడివి | నడక | సందర్భం |
|---|---|---|---|---|---|
| సికుత్ చెర్వుస్ (మొదటి భాగం) | పాలెస్ట్రీనా | 4 | 3 నిమిషాలు | ఒకరి వెనుక ఒకరు | పాస్కా జాగరణ, జ్ఞానస్నానం |
| ఆవే వేరుమ్ కోర్పుస్ | విలియం బర్డ్ | 4 | 4 నిమిషాలు | ఎక్కువగా అందరూ కలిసి | దివ్యసత్ప్రసాదం |
| ఓ మాన్యుమ్ మిస్తేరియుమ్ | విక్టోరియా | 4 | 4 నిమిషాలు | రెండూ కలిసినది | క్రిస్మస్ |
| ఆవే మరియా, విర్గో సెరేనా | జోస్కాన్ | 4 | 5 నిమిషాలు | జంటలుగా, తరువాత అందరూ | మరియమాత పండుగలు |
| ఓ నాతా లూక్స్ | టాలిస్ | 5 | 2 నిమిషాలు | అందరూ కలిసి | దివ్యరూప ధారణ పండుగ |
| రెండు గొంతుల మోటెట్లు | లాసుస్ | 2 | ఒక్కొక్కటి 2 నిమిషాలు | ఒకరి వెనుక ఒకరు | పాఠాన్ని బట్టి |

## సికుత్ చెర్వుస్

దుప్పి నీటివాగుల కోసం తపించినట్టు నా ప్రాణం దేవుని కోసం తపిస్తున్నదని చెప్పే 42వ కీర్తన మొదటి వచనం దీని పాఠం. లాటిన్ బైబిల్ లెక్కలో ఇది 41వ కీర్తన. తెలుగు క్రైస్తవులలో చాలామందికి ఈ వచనం కంఠస్థమే కాబట్టి ఏ పదం మీద భావం నిలుస్తుందో వారికి విడమరచి చెప్పనక్కరలేదు. సంప్రదాయంగా ఇది పాస్కా జాగరణలో జ్ఞానస్నానపు నీటిని ఆశీర్వదించే సందర్భానికి చెందినది. పాలెస్ట్రీనా 1594లో మరణించగా, ఈ రచన 1604 నాటి ముద్రణలో కనిపిస్తుంది.

మొదట టెనర్ ఒక్కడే ప్రవేశిస్తాడు. తరువాత ఆల్టో, సోప్రానో, చివరికి బాస్. నలుగురికీ దక్కేది దాదాపు ఒకే రాగరేఖ. కాబట్టి సాధన మొదటి రోజు నలుగురూ కూర్చుని టెనర్ వరుసనే కలిసి నేర్చుకోవచ్చు. ఎవరి వరుస వారు పట్టుకునేసరికి ఇతరుల వరుస కూడా చెవికి పరిచయమై ఉంటుంది. మొదటి వాక్యం, ‘ఇతా దేసిదెరత్’, ‘ఆనిమా మేయా’ అని పాఠం మూడు ముక్కలుగా విడిపోతుంది. ప్రతి ముక్కకూ దాని సొంత ఇతివృత్తం ఉంటుంది, ఒక ముక్క ముగియకముందే తరువాతిది మరో గొంతులో మొదలవుతుంది. స్వరాల కదలిక చాలావరకు మెట్టు వెంట మెట్టుగా ఉండి, పెద్ద దూకుడు వచ్చిన వెంటనే వ్యతిరేక దిశలో సర్దుకుంటుంది. ఏ గొంతూ తన సహజ పరిధి దాటి ఒత్తిడి పడవలసిన అవసరం దాదాపు రాదు.

దీనికి ఎదురుగా ఉన్న ఇబ్బంది ఒకటే. ఎవరైనా దారి తప్పితే తిరిగి కలుసుకోవడానికి నలుగురూ ఆగే స్పష్టమైన మజిలీలు తక్కువ. లెక్క పెట్టడం అలవాటు లేని గాయకుడు మధ్యలో పోతే చివరిదాకా పోయినట్టే. పాత ముద్రణల్లో అడ్డగీతలు లేవని, నేటి ప్రతుల్లోని గీతలు కేవలం కంటి సౌకర్యానికేనని గుర్తుంచుకుని, ప్రతి గీత తరువాతి స్వరాన్ని ఒత్తి పలకకుండా లాటిన్ పదాల ఒత్తిడిని అనుసరించాలి. దీనికి ‘సితీవిత్ ఆనిమా మేయా’ అనే రెండో భాగం కూడా ఉంది. రెండూ కలిపితే నిడివి దాదాపు రెట్టింపవుతుంది. మొదటి భాగం తనంతట తానే సంపూర్ణంగా నిలుస్తుంది కనుక కొత్త బృందం అక్కడ ఆగడంలో తప్పు లేదు.

ఒక్కో వరుసకు ఒక్కరున్న కొత్త బృందం ఒక్కటే నేర్చుకోవాలంటే నేను దీనినే సూచిస్తాను.

## ఆవే వేరుమ్ కోర్పుస్

విలియం బర్డ్ ప్రొటెస్టెంట్ ఇంగ్లండులో జీవించిన కతోలికుడు. 1605లో ఆయన ప్రచురించిన గ్రాదువాలియా మొదటి సంపుటంలోని ఈ రచన పెద్ద దేవాలయాల కోసం కాక, తమ విశ్వాసాన్ని ఇళ్లలోనే నిలుపుకున్న కతోలిక కుటుంబాల ఆరాధన కోసం పుట్టినదని చరిత్రకారులు భావిస్తారు. ఎసెక్స్‌లో పీటర్ కుటుంబం ఆయనకు అండగా నిలిచింది, 1607 నాటి రెండో సంపుటాన్ని ఆ కుటుంబ పెద్దకే అంకితం చేశాడు. బర్డ్ పుస్తకాలు దగ్గర ఉన్నందుకు 1605లో ఛార్లెస్ ద లిన్యీ అనే ఫ్రెంచి వ్యక్తిని నిర్బంధించారు కూడా. గదిలో కూర్చున్న కొద్దిమంది పాడుకునే సంగీతంగా ఈ పట్టికలో దీనికి ఉన్న అర్హత మరి దేనికీ లేదని చెప్పవచ్చు.

అయినా మొదటి రచనగా దీనిని తీసుకోవద్దంటాను. కారణం మొదటి రెండు పదాల్లోనే ఉంది. ‘ఆవే’ అనే పదం జి మైనర్ నుంచి డి మేజర్‌కు వెళ్తుంది, అక్కడ సోప్రానో పాడేది ఎఫ్ షార్ప్. వెంటనే ‘వేరుమ్’ మీద బాస్ ఎఫ్ నాచురల్ పట్టుకుంటుంది. ఒక గొంతు ఇప్పుడే వదిలిన స్వరాన్ని మరో గొంతు అర స్వరం కిందికి దించి అందుకోవడమనే ఈ ఘర్షణ ఆ కాలపు ఇంగ్లిష్ సంగీతానికి ముద్రలాంటిది. ‘నిజమైన’ అనే అర్థమున్న పదం మీద అది రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. వినడానికి గుండె పట్టుకునే ఈ చోటే పాడడానికి అత్యంత ప్రమాదకరమైనది, ఎందుకంటే బాస్ తన స్వరాన్ని సోప్రానో నుంచి తీసుకోలేడు, మనసులో ముందే విని సిద్ధంగా ఉండాలి. ఇది పొరపాటుగా మొదలైతే తరువాతి మూడు నిమిషాలూ శ్రుతి జారుతూనే ఉంటుంది.

నెమ్మదైన నడక, పొడవైన వాక్యాలు, దాచుకోవడానికి చోటు లేని సంపుటాలు అన్నీ కలిసి శ్వాసనూ శ్రుతినీ ఒకేసారి పరీక్షిస్తాయి. ‘ఓ దుల్చిస్, ఓ పియే’ నుంచి ‘మిసెరేరే మేయి’ వరకు ఉన్న భాగం రెండుసార్లు వస్తుంది. రెండోసారి మొదటిసారికన్నా నిశ్శబ్దంగా పాడాలని చాలామంది ప్రయత్నిస్తారు, అక్కడే ఊపిరి చాలదు. రెండోసారి ఒక వీసం ముందుకు నడిపించడమే మేలు. స్వరాలు నేర్వడానికి తక్కువ సమయం పడుతుంది నిజమే, అందుకే ఇది సులభమని పేరు తెచ్చుకుంది. కానీ అందంగా పాడడానికి పట్టే సమయం సికుత్ చెర్వుస్ కన్నా ఎక్కువ. ఏడాదికి పైగా కలిసి పాడుతున్న, ఒకరి ఊపిరి మరొకరికి తెలిసిన నలుగురికి మాత్రం ఇంతకన్నా విలువైన నాలుగు నిమిషాలు దొరకడం అరుదు.

## ఓ మాన్యుమ్ మిస్తేరియుమ్

తోమాస్ లూయిస్ దె విక్టోరియా స్పెయిన్‌లోని ఆవిలాకు చెందినవాడు, రోమ్‌లో చాలాకాలం పనిచేసి 1611లో మాడ్రిడ్‌లో మరణించాడు. 1572లో వెనిస్‌లో ముద్రించిన తొలి మోటెట్ల సంపుటంలోనే ఈ రచన ఉంది. పశుల తొట్టిలో పడుకున్న ప్రభువును మూగజీవాలు చూశాయన్న ఆశ్చర్యం దీని పాఠం.

సోప్రానో ఒక పంచమం కిందికి దిగి మళ్లీ పైకి లేచే రేఖతో మొదలవుతుంది, ఆల్టో దానిని అనుసరిస్తుంది, కాసేపటికి టెనర్, బాస్ వచ్చి చేరతారు. అంటే మొదటి భాగం పాలెస్ట్రీనా పద్ధతికి దగ్గర. ‘ఓ బెయాతా విర్గో’ దగ్గర మాత్రం నలుగురూ ఒక్కసారిగా కలిసి, నిలువు సంపుటాలతో మరియమాతను సంబోధిస్తారు. దారి తప్పినవారు తిరిగి కలుసుకునే మజిలీ కూడా ఇదే కావడం చిన్న బృందానికి వరం. చివరి అల్లెలూయా మూడు లెక్కల నడకలోకి మారి, మళ్లీ రెండు లెక్కలకు తిరిగివస్తుంది. ఈ మార్పిడిలో రెండు నడకల వేగాలను ఎలా ముడిపెట్టాలో సాధనలో ముందే తేల్చుకోవాలి, ఒక్కరు చేతితో లయ చూపినా సరిపోతుంది.

రెండు పద్ధతులూ ఒకే రచనలో దొరుకుతాయి, శ్వాసకు విరామాలున్నాయి, భావం వినేవారికి వెంటనే అందుతుంది. కష్టమల్లా దీని ప్రఖ్యాతిలోనే ఉంది. వినేవారి చెవిలో గొప్ప బృందాల రికార్డింగులు ఉంటాయి కాబట్టి అరకొరగా పాడితే తెలిసిపోతుంది. ఆరాధనలో ఏడాదికి ఒక్క కాలంలోనే ఉపయోగపడుతుందన్నది మరో పరిమితి. క్రిస్మస్‌కు పాడదలిస్తే సెప్టెంబరులోనే సాధన మొదలుపెట్టడం మంచిది.

పవిత్ర వారానికి ఏదైనా కావాలనుకునేవారు ఇదే స్వరకర్త 1585లో రోమ్‌లో ప్రచురించిన 18 తెనెబ్రే రెస్పాన్సరీలను (పవిత్ర వారపు ప్రార్థనలలో పఠనాల తరువాత పాడే బదులు గీతాలను) చూడాలి. నాలుగు గొంతుల రచనలే అయినా వాటి మధ్యభాగాలు రెండు మూడు గొంతులకు తగ్గుతాయి, చిన్న బృందానికి చక్కగా ఒదుగుతాయి.

## ఆవే మరియా, విర్గో సెరేనా

జోస్కాన్ రాసిన ఈ రచన మిగిలినవాటికన్నా దాదాపు ఒక శతాబ్దం ముందుది. వెనిస్‌లో పెట్రూచ్చి 1502లో ముద్రించిన తొలి మోటెట్ల సంపుటానికి ఇదే మొదటి పుట. సోప్రానో పాడిన పదబంధాన్ని ఆల్టో, టెనర్, బాస్ వరుసగా ఒకరి తరువాత ఒకరు అందుకుంటారు. తరువాత మరియమాత గర్భధారణ, జననం, దైవవార్త, శుద్ధీకరణ, మోక్షారోపణ అనే ఐదు పండుగలను స్తుతించే చరణాలు వస్తాయి. అక్కడ ఇద్దరు పాడితే మరో ఇద్దరు బదులిస్తారు. నలుగురూ పాడేది కొద్ది చోట్లే కాబట్టి శ్వాస దృష్ట్యా దీనంత దయగల రచన ఈ ఆరింటిలో మరొకటి లేదు.

దయ లేనిది పరిధుల విషయంలో. మధ్య వరుసలు రెండూ నేటి ఆల్టో, టెనర్ హద్దులకు సరిగ్గా కుదరవు. ఒక స్త్రీ, ఇద్దరు టెనర్లు, ఒక బాస్ ఉన్న బృందానికి ఇది బాగా నప్పుతుంది. ముగింపులో ‘దేవమాతా, నన్ను జ్ఞాపకముంచుకో’ అనే ప్రార్థనను నలుగురూ కలిసి పొడవైన స్వరాల మీద పలుకుతారు. చివరి సంపుటంలో గాంధారం ఉండదు, ఆధారమూ పంచమమూ మాత్రమే మిగులుతాయి. ఆ శుద్ధ పంచమం పలికిందంటే ఐదు నిమిషాలూ శ్రుతి నిలిచిందని అర్థం.

## ఓ నాతా లూక్స్

టాలిస్, బర్డ్ కలిసి 1575లో చెరి 17 రచనలతో వెలువరించిన కాంతియోనెస్ సాక్రే అనే లాటిన్ రచనల సంపుటంలోనిది ఇది. రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఐదు గొంతులు కావాలి, అందులో ఇద్దరు టెనర్లు. ఇద్దరు టెనర్లను సంపాదించడమే చాలా బృందాలకు గగనం కాబట్టి ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఉన్నవారు పాఠంలోని చివరి పంక్తిలో రెండు గొంతులు ఒకేసారి అర స్వరం తేడాతో ఢీకొనే చోటును భయపడి మెత్తబరచకుండా ధైర్యంగా పాడాలి.

## లాసుస్ రెండు గొంతుల మోటెట్లు

ఇద్దరే ఉన్నవారిని ఇలాంటి సలహాలు సాధారణంగా మరచిపోతాయి. మ్యూనిక్‌లో బవేరియా ప్రభువు కొలువులో ఉన్న ఓర్లాండో లాసుస్ 1577లో రెండు గొంతుల రచనలు 24 ప్రచురించాడు. వాటిలో 12 లాటిన్ పాఠంతో ఉన్నవి, మిగిలిన 12 పాఠం లేనివి. కన్ను చూడనిది, చెవి విననిది అంటూ 1 కొరింథీయులు 2:9లోని మాటలతో సాగే ‘ఓకులుస్ నోన్ విదిత్’ వీటిలో ప్రసిద్ధం.

వీటిని కేవలం అభ్యాసాలని తోసిపుచ్చడం అన్యాయం. రెండు గొంతులే ఉన్నందున ప్రతి స్వరాంతరం నగ్నంగా వినిపిస్తుంది, ప్రతి వాక్యానికీ పూర్తి సంగీతార్థం ఉంటుంది. నాలుగు గొంతుల రచనకు సిద్ధమవుతున్న బృందం కూడా ఇద్దరిద్దరుగా విడిపోయి వీటిని పాడుకుంటే, ఒకరినొకరు వినడం త్వరగా అలవడుతుంది. చురుకైన చిన్న స్వరాల పరుగులు కొన్ని ఉంటాయి. గమకాలకు అలవాటుపడిన గొంతులు అక్కడ సహజంగానే చలాకీగా ఉంటాయి గానీ, ఒక్కో స్వరాన్నీ విడివిడిగా పలికించే జాగ్రత్త అవసరం.

## ఎవరికి ఏది

ఒక్కో వరుసకు ఒక్కరు, అదీ కొత్తగా చేరినవారైతే సికుత్ చెర్వుస్. దానికీ ధైర్యం చాలకపోతే ముందు కొన్ని వారాలు లాసుస్.

వరుసకు ఇద్దరేసి, ముగ్గురేసి ఉన్న చర్చి క్వయర్ అయితే లెక్క మారుతుంది. శ్వాసను పంచుకోగలరు కాబట్టి ఆవే వేరుమ్ కోర్పుస్ వారికి నిజంగానే అందుబాటులోకి వస్తుంది. దివ్యసత్ప్రసాద సమయంలో ఏడాది పొడవునా పాడవచ్చు కనుక పడిన శ్రమకు ఫలితం కూడా ఎక్కువ.

స్త్రీలే ఉన్న బృందం పైవాటిని బలవంతంగా మార్చుకునేకన్నా, మొదటినుంచీ పై గొంతులకే రాసినవాటిని వెతకడం మేలు. పాలెస్ట్రీనా మూడు గొంతుల ‘యేసు రెక్స్ ఆద్మిరాబిలిస్’ చిన్నది, తేలికైనది. నాలుగు సమర్థమైన గొంతులుంటే విక్టోరియా ‘దువో సెరాఫిమ్’ ఉంది. ఇద్దరు దేవదూతలు పిలుచుకునే మాటలను రెండు గొంతులతో మొదలుపెట్టి, ముగ్గురు సాక్షుల మాట వచ్చినప్పుడు మూడు గొంతులకు మారే ఆ కూర్పు పాడేవారికి గొప్ప ఆనందాన్నిస్తుంది.

విదేశాల్లో విశ్వవిద్యాలయ బృందాల్లో చేరుతున్న తెలుగు విద్యార్థులు ఓ మాన్యుమ్ మిస్తేరియుమ్, ఆవే వేరుమ్ కోర్పుస్ రెండింటినీ ముందే చూసి పెట్టుకోవచ్చు, అక్కడి కార్యక్రమాల్లో ఇవి తరచుగా వస్తాయి. లాటిన్ అచ్చులు మన దీర్ఘాచ్చుల్లా స్వచ్ఛంగా ఉంటాయి కాబట్టి ఉచ్చారణలో మనవారికి ఇబ్బంది తక్కువ. ఇటలీ చర్చి పద్ధతిలో ‘ఎ’, ‘ఇ’ ల ముందు సి ‘చ’గా, జి ‘జ’గా మారుతుందని, ‘మాన్యుమ్’లోని జి, ఎన్ జంట ‘ఞ’లా పలుకుతుందని తెలిస్తే చాలావరకు గడుస్తుంది.

## ప్రతి ఎంపిక

రచన తేలాక ఏ ప్రతిని వాడాలన్నది మిగులుతుంది. 1998 నుంచి నడుస్తున్న సీపీడీఎల్ అనే ఉచిత క్వయర్ స్వరలిపి భండారంలో ఈ రచనలకు ఒక్కొక్కదానికి అనేక ప్రతులు, తరచుగా వేర్వేరు కీలలో ఉంటాయి. వాటి నాణ్యత ఒకేలా ఉండదు. స్వరం పక్కన కాకుండా స్వరపంక్తికి పైన చిన్నగా వేసిన షార్ప్, ఫ్లాట్ గుర్తులు మూలంలో లేనివి, సంపాదకుడి సూచనలు. ఈ రెండింటినీ వేరుచేసి చూపని ప్రతిని పక్కన పెట్టండి. ముందుమాటలో ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో, ఎంత ఎత్తుకు మార్చారో చెప్పిన ప్రతికి ప్రాధాన్యమివ్వండి. ప్రతి వరుసకూ మొదట్లో దాని కనిష్ఠ, గరిష్ఠ స్వరాలను చూపే ప్రతి దొరికితే, సాధన మొదలుపెట్టేముందే ఆల్టో గాయని చేత ఆ రెండు స్వరాలనూ, వాటి మధ్య ఆ వరుస ఎక్కువసేపు నిలిచే చోటునూ పాడించి చూడండి. ఆమెకు కింది స్వరాలు వినబడేంత బలంగా రాకపోతే మొత్తం రచనను ఒక స్వరం పైకి జరిపి, సోప్రానోకు, టెనర్‌కు అది ఇబ్బంది కాదేమో చూసుకుని, ఆ ఎత్తులోనే అందరికీ ప్రతులు ముద్రించుకోండి.